ఫిట్స్ మందులు: భద్రత పెరిగింది, మరి పనితనం?

క్లుప్తంగా: మూర్ఛకు వాడే మందులు నూరేళ్లలో రెండు డజన్లు దాటాయి. పాతవాటితో పోలిస్తే కొత్తవాటి దుష్ప్రభావాలు తక్కువ. కానీ ఫిట్స్ పూర్తిగా ఆగిపోయేవారి శాతం మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. ఇప్పటివరకు మందుల్ని వెతికిన పద్ధతిలోనే దీనికి కారణం చాలావరకు ఉంది. రాయలసీమలోని రోగికి ఇవాళ ఎక్కువ తేడా తెచ్చేది సరికొత్త మాత్ర కన్నా, ఎవరికి ఏ మందు అన్న ఎంపికే.

కర్నూలు పెద్దాసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపుల్లో ఫిట్స్ చీటీలు రోజూ కనిపించేవే. ఒకరి చీటీలో ఎప్టాయిన్ ఉంటుంది, పక్కనే నిలబడ్డవారి చీటీలో లెవిపిల్ ఉంటుంది. పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇప్పటికీ గార్డినాల్ పేరు చెబుతారు. అసలు పేర్లతో చెప్పాలంటే ఫెనిటాయిన్, లెవెటిరాసెటమ్, ఫెనోబార్బిటాల్. వీటిలో ఫెనోబార్బిటాల్ 1912లో, ఫెనిటాయిన్ 1938లో వాడకంలోకి వచ్చాయి. లెవెటిరాసెటమ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 1999లో. దాదాపు తొంభై ఏళ్ల తేడా ఉన్న మందులు ఒకే బల్ల మీద, ఒకే జబ్బుకు అమ్ముడవుతున్నాయి. అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లి చూపించుకొచ్చినవారికి పాత మందు తీసేసి కొత్తది రాస్తే, ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ‘మందు మారింది కదా, ఇకనైనా పూర్తిగా తగ్గుతుందా?’

ముప్పై ఏళ్లయినా కదలని లెక్క

ఈ ప్రశ్నకు గట్టి ఆధారం ఉన్న జవాబు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరం నుంచి వచ్చింది. అంతకుముందు ఏ మందూ వాడని 470 మంది రోగుల్ని అక్కడి వైద్యులు ఏళ్ల తరబడి గమనించి, 2000లో ఫలితాలు ప్రకటించారు. మొదటి మందుతోనే 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. ఆ తర్వాత మందులు మార్చినా, రెండేసి కలిపినా మొత్తం 64 శాతం దగ్గర ఆగింది. మిగిలినవారికి మందు వేసుకుంటున్నా ఫిట్స్ వస్తూనే ఉన్నాయి.

ఆ తర్వాత మార్కెట్లోకి కొత్త మందులు వరసగా వచ్చాయి. అదే ఆసుపత్రిలో 1982 నుంచి 2012 మధ్య చికిత్స మొదలైన 1,795 మంది లెక్కను 2018లో తీశారు. ఫిట్స్ ఆగినవారు 63.7 శాతం. ముప్పై ఏళ్ల పరిశోధన, పదికి పైగా కొత్త మందులు, అయినా అంకె మారలేదు.

అలాగని కొత్త మందులు దండగ అని కాదు. వాటివల్ల మత్తు తగ్గింది, చర్మం, లివర్ మీద భారం తగ్గింది, వేరే జబ్బులకు వాడే మందులతో తగాదా తగ్గింది. రోజూ బడికి, పనికి వెళ్లాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు. కానీ ‘కొత్తది కాబట్టి ఎక్కువ పనిచేస్తుంది’ అనే నమ్మకానికి మాత్రం ఆధారం లేదు.

పరీక్ష ఎలాంటిదో మందూ అలాంటిదే

మెదడులోని నరాల కణాలు ఒకదానితో ఒకటి విద్యుత్ సంకేతాలతో మాట్లాడుకుంటాయి. కణం గోడలో సోడియం లోపలికి వచ్చే సన్నటి దారులుంటాయి. కేసీ కాలువ మీది తూముల్లాగా అవి అవసరమైనప్పుడు తెరుచుకుని, వెంటనే మూసుకుంటాయి. ఫిట్స్ వచ్చేటప్పుడు ఒక ప్రాంతంలోని వేల కణాలు ఒకేసారి, ఆగకుండా ఈ తూముల్ని తెరుస్తూ పోతాయి. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటి మందులు మామూలు వేగంతో పనిచేసే తూముల జోలికి పెద్దగా పోవు. అదేపనిగా తెరుచుకుంటున్న వాటినే పట్టుకుని కాసేపు మూసి ఉంచుతాయి. మనిషి మెలకువగా ఉండగానే ఫిట్స్ ఆగడానికి కిటుకు ఇదే. ఫెనోబార్బిటాల్, క్లోబజామ్ దారి వేరు. మెదడులో సహజంగా ఉండే గాబా అనే బ్రేకును ఇవి ఇంకాస్త గట్టిగా పడేలా చేస్తాయి. అందుకే వీటితో మగత ఎక్కువ.

ఇంత వివరం అప్పట్లో ఎవరికీ తెలియదు. 1930లలో అమెరికాలో మెరిట్, పట్నమ్ అనే ఇద్దరు వైద్యులు పిల్లులకు కరెంటు షాక్ ఇచ్చి, ఏ రసాయనం ఇస్తే వాటికి ఫిట్స్ రావడం లేదో చూసుకుంటూ పోయారు. ఫెనిటాయిన్ అలా దొరికింది. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఎలుకల మీద ఇలాంటి షాక్ పరీక్షే మొదటి జల్లెడ అయింది. అమెరికా ప్రభుత్వం 1975లో మొదలుపెట్టిన కార్యక్రమంలో ముప్పై వేలకు పైగా రసాయనాలను జల్లెడ పట్టారు. ఇందులో ఒక చిక్కుంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు షాక్ ఇచ్చి తెప్పించిన ఫిట్స్ వేరు, ఏళ్లుగా మూర్ఛ ఉన్న మనిషి మెదడు వేరు. ఒకే జల్లెడలో పోస్తే ఒకే రకం గింజలే కింద పడతాయి. ఫెనిటాయిన్‌కు లొంగని రోగికి, ఫెనిటాయిన్‌ను పట్టిచ్చిన పరీక్షతోనే మందు వెతకడం వల్ల పాత పని చేసే కొత్త మందులే ఎక్కువగా వచ్చాయి.

లెవెటిరాసెటమ్ కథ దీనికి మంచి రుజువు. మామూలు ఎలుకల మీద చేసే ఆ పాత పరీక్షల్లో అది తప్పింది. అక్కడితో వదిలేసి ఉంటే ఈ మందు ఉండేదే కాదు. అప్పటికే ఫిట్స్ అలవాటు పడిన జంతువుల్లో మాత్రం అది చక్కగా పనిచేసింది. మందు వాడకంలోకి వచ్చిన ఐదేళ్లకు, అంటే 2004లో గానీ అది కణంలో దేన్ని పట్టుకుంటుందో తేలలేదు. సంకేత రసాయనాలను దాచుకునే చిన్న సంచుల మీద ఉండే ఎస్‌వీ2ఏ అనే ప్రోటీన్ అది. వాల్‌ప్రోయేట్‌దీ అనుకోకుండా దొరికిన భాగ్యమే. 1882లో తయారైన ఆ ద్రవాన్ని ఎనభై ఏళ్లపాటు వేరే రసాయనాలు కరిగించడానికే వాడారు. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో అందులో ఏ రసాయనం కలిపి ఇచ్చినా జంతువులకు ఫిట్స్ ఆగుతుంటే, పనిచేస్తున్నది కలిపినది కాదు, కరిగించినదే అని గుర్తుపట్టారు.

మనుషుల మీద జరిపే ట్రయల్స్‌లోనూ ఒక పరిమితి ఉంది. కొత్త మందును సాధారణంగా ఇప్పటికే ఒకటి రెండు మందులు వాడుతూ తగ్గనివారికి అదనంగా ఇస్తారు. మూడు నెలల కాలంలో ఫిట్స్ సగానికి తగ్గితే గెలుపు కింద లెక్క. నెలకు ఎనిమిదిసార్లు వచ్చేవి నాలుగైతే కాగితం మీద అది విజయమే. కానీ ఆ నాలుగు ఉన్నంతకాలం ఆ మనిషి ట్రాక్టర్ ఎక్కలేడు, బావి గట్టున ఒంటరిగా నిలబడలేడు, రాత్రి డ్యూటీ చేయలేడు. రోగికి పనికొచ్చే అంకె సున్నా ఒక్కటే. అందుకే 2019లో అమెరికా అనుమతి పొందిన సెనోబమేట్ మీద వైద్యలోకం ఆశ పెట్టుకుంది. దాని ట్రయల్‌లో ఎక్కువ మోతాదు తీసుకున్నవారిలో 21 శాతం మందికి ఆ పరిశీలన కాలంలో ఒక్క ఫిట్ కూడా రాలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో అది 1 శాతం. ఇతర మందులకు లొంగనివారిలో ఇంత తేడా కనిపించడం అరుదు.

ప్రమాదం ఎక్కడ దాక్కుంటుంది

సెనోబమేట్ తొలి ట్రయల్స్‌లో ముగ్గురికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, లోపలి అవయవాలు దెబ్బతినే తీవ్రమైన అలర్జీ వచ్చింది. ఒకరు చనిపోయారు. మందును పక్కన పెట్టేయకుండా కారణం వెతికారు. మొదటి మోతాదు ఎక్కువై, పెంచడం తొందరగా జరిగిందని అనుమానించి, 12.5 మి.గ్రా.తో మొదలుపెట్టి రెండేసి వారాలకోసారి పెంచారు. ఆ పద్ధతిలో 1,339 మందికి ఇస్తే ఒక్కరికీ అలా కాలేదు. లామోట్రిజిన్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ‘నెల దాటినా డోసు పెంచలేదు, ఈ డాక్టర్ సరిగ్గా చూడట్లేదు’ అని ఊరు మార్చేవారు ఈ విషయం తెలుసుకోవాలి. ఆ నిదానమే అక్కడ వైద్యం.

కొన్ని ప్రమాదాలు ట్రయల్స్‌కు చిక్కవు. ఫెల్బమేట్ అనే మందు 1993లో అమెరికాలో ఎంతో ఆశతో వచ్చింది. ఏడాది తిరిగేసరికి కొందరికి ఎముక మజ్జలో రక్తం తయారవడం ఆగిపోయింది, మరికొందరికి లివర్ పాడైంది. వేలమందిలో ఒకరికి వచ్చే ముప్పు, వెయ్యి రెండువేల మందితో చేసే ట్రయల్‌లో కనిపించకపోవడంలో వింత లేదు. రెటిగబిన్ పరిస్థితీ అంతే. 2011లో వచ్చిన ఆ మందును ఏళ్ల తరబడి వాడినవారికి చర్మం నీలంగా మారడం, కంటి రెటీనాలో రంగు మార్పులు రావడం మొదలై, 2017కల్లా మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. అది పనిచేసిన పొటాషియం దారిని మాత్రం శాస్త్రవేత్తలు వదల్లేదు. ఆ రంగు సమస్య రాకుండా అణువును మార్చి చేసిన అజెటుకల్నర్ మూడో దశ ట్రయల్స్ దాకా వచ్చింది.

ఇంకొన్ని ప్రమాదాలు మందులో కన్నా మనిషి జన్యువులో ఉంటాయి. కార్బమజెపైన్ వేసుకున్న కొద్దిమందికి ఒళ్లు కాలినట్టు చర్మం ఊడిపోయే ప్రాణాంతక సమస్య వస్తుంది. తైవాన్ పరిశోధకులు 2004లో అలాంటి 44 మందిని పరీక్షిస్తే, 44 మందిలోనూ హెచ్ఎల్ఏ-బి 1502 అనే జన్యు రకం ఉంది. ఆ మందు పడినవారిలో అది 3 శాతం మందికే ఉంది. ఆసియా మూలాలున్నవారికి ఈ మందు మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించమని అమెరికా 2007లో సూచించింది. భద్రత అంటే కొత్త మందు కనిపెట్టడం ఒక్కటే కాదు, పాత మందు ఎవరికి పడదో ముందే తెలుసుకోవడం కూడా. ఈ పరీక్ష జిల్లా ఆసుపత్రుల్లో చీటీ రాసినంత సులువుగా దొరికే రోజు రావాలి. అప్పటిదాకా మందు మొదలైన మొదటి రెండు మూడు నెలల్లో జ్వరం, దద్దుర్లు, నోట్లో పుండ్లు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లడమే రక్షణ.

ఫెనిటాయిన్‌ది మరో స్వభావం. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, పనిచేస్తుంది. కానీ దాన్ని విరిచే శక్తి లివర్‌కు ఒక హద్దు వరకే ఉంటుంది. ఆ హద్దు దగ్గర రోజుకు 300 మి.గ్రా. వేసుకునే మనిషికి 50 మి.గ్రా. పెంచినా రక్తంలో మందు ఒక్కసారిగా పెరిగిపోవచ్చు. నడక తూలుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది. తాగాడని ఇంట్లోవాళ్లు పొరబడిన సందర్భాలూ ఉంటాయి. ఏళ్ల వాడకంలో చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరుగుతాయి. ఎదిగే ఆడపిల్లకు ఈ మందు రాసేటప్పుడు ఇదంతా ఆలోచించాల్సిందే.

రెండూ ఎదురుపడే చోటు

భద్రత, పనితనం ఒకదానికొకటి అడ్డం వచ్చేది ఆడపిల్లల విషయంలోనే. ఒళ్లంతా కొట్టుకునే రకం మూర్ఛకు వాల్‌ప్రోయేట్ గట్టి మందు. బ్రిటన్‌లో 2021లో వెలువడిన సనాద్-2 ట్రయల్‌లో ఆ రకానికి లెవెటిరాసెటమ్ కన్నా పాత వాల్‌ప్రోయేటే మెరుగని తేలింది. అయితే గర్భంలో ఉన్న బిడ్డకు అదే అన్నిటికన్నా ప్రమాదం. పలు దేశాల గర్భిణుల వివరాలతో 2018లో వచ్చిన యూరప్ రిజిస్ట్రీ లెక్క ప్రకారం, వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల బిడ్డల్లో 10.3 శాతం మందికి పుట్టుకతోనే పెద్ద లోపాలున్నాయి. ఫెనోబార్బిటాల్‌కు అది 6.5, ఫెనిటాయిన్‌కు 6.4, కార్బమజెపైన్‌కు 5.5 శాతం. లామోట్రిజిన్‌కు 2.9, లెవెటిరాసెటమ్‌కు 2.8. కొత్త మందులు నిజంగా గెలిచింది ఇక్కడ. వాల్‌ప్రోయేట్‌తో బిడ్డల ఎదుగుదల, చదువు మీద పడే ప్రభావం ఇంకా ఎక్కువమందిలో, దాదాపు 30 నుంచి 40 శాతం మందిలో కనిపిస్తుంది.

కడప జిల్లాలో ఇరవై, ఇరవై రెండేళ్లకు పెళ్లయ్యే అమ్మాయి విషయంలో ఈ అంకెలకు వేరే బరువు ఉంటుంది. జబ్బు సంగతి అత్తింటివారికి చెప్పరు. మాత్రలు చీర మడతల్లో దాస్తారు, లేదా పెళ్లి నాటి నుంచి మానేస్తారు. ఉన్నట్టుండి మందు ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఆపకపోతే, అది వాల్‌ప్రోయేట్ అయితే, మూడో నెలలో తెలిసే గర్భానికి అప్పటికే జరగాల్సిన హాని జరిగిపోయి ఉంటుంది. ఎందుకంటే బిడ్డ వెన్నెముక, గుండె రూపుదిద్దుకునేది మొదటి వారాల్లోనే. మందు మార్చాల్సింది పెళ్లికి ముందు, నెలల వ్యవధి తీసుకుని, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి. ఆ మాట ఎత్తాల్సిన బాధ్యత మొదట వైద్యులది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డంకిగా చూపిన మాటను 1999లోనే తీసేశారు. దాచాల్సిన అవసరం చట్టానికి లేదు, ఇళ్లలోనే మిగిలింది.

వేడినీళ్ల ఫిట్స్: తక్కువ మందుతో ఎక్కువ ఫలితం

మందు ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నది ముఖ్యమయ్యే ఒక రకం మూర్ఛ దక్షిణ భారతంలోనే ఎక్కువ. కర్ణాటకలో దీని మీద చాలా పరిశోధన జరిగింది. ఆ సరిహద్దుకు ఆనుకున్న అనంతపురం, కర్నూలు వైపు వైద్యులకూ ఇది పరిచయమే. ఆదివారం పొద్దున పిల్లవాడికి తలకు పోస్తారు. హండాలో పొగలు కక్కే నీళ్లు, చెంబు మీద చెంబు, గుక్క తిప్పుకోనివ్వకుండా నెత్తి మీద. ఉన్నట్టుండి పిల్లవాడు బిత్తరచూపు చూస్తాడు, పిలిస్తే పలకడు, ఏదో గొణుగుతాడు, కొన్నిసార్లు కొట్టుకుంటూ పడిపోతాడు. మామూలు స్నానానికి ఏమీ కాదు, తలస్నానానికే వస్తుంది. కొందరు అదేపనిగా ఇంకా వేడినీళ్లు పోసుకోవాలనుకోవడం కూడా ఈ జబ్బులో ఉన్న విచిత్రం.

ఇలాంటివారిలో చాలామందికి నీళ్ల వేడి తగ్గించి, తలను తడిగుడ్డతో తుడిచినా, మెల్లగా పోసినా సరిపోతుంది. అప్పటికీ ఆగకపోతే తలస్నానం రోజున, నీళ్లు పోసుకోవడానికి గంటన్నర ముందు క్లోబజామ్ చిన్న మాత్ర వేసే పద్ధతి ఉంది. మిగతా వేళల్లోనూ ఫిట్స్ వచ్చేవారికే రోజువారీ మందు. ఎంత మోతాదు, ఎవరికి అన్నది డాక్టరే తేల్చాలి. వారానికి ఒక మాత్రతో పోయేదానికి రోజుకు రెండుపూటలా ఏళ్ల తరబడి మందు మింగించకుండా ఆపేది, ‘ఫిట్ ఏ సమయంలో వచ్చింది?’ అనే ఒక్క ప్రశ్న.

ఫిట్‌ను ఆపడం వేరు, జబ్బును ఆపడం వేరు

ఇప్పుడున్న మందులన్నీ దాదాపుగా ఫిట్‌ను ఆపేవే. జబ్బు పుట్టకుండా ఆపేవి కావు. 44వ నంబరు జాతీయ రహదారి మీద ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలినవారికి కొన్ని నెలలకో, ఏళ్లకో మూర్ఛ మొదలవచ్చు. దెబ్బ తగిలిన వెంటనే ఫెనిటాయిన్ ఇస్తే దాన్ని ఆపగలమా అని అమెరికాలో పరీక్షించి 1990లో ఫలితం ప్రకటించారు. మొదటి వారంలో వచ్చే ఫిట్స్ తగ్గాయి. ఆ తర్వాత వచ్చే మూర్ఛ మాత్రం తగ్గలేదు. గాయం తర్వాత మెదడు తన తీగల్ని తాను తప్పుగా అల్లుకుంటూ పోయే ఆ నెలల్లో ఏం చేయాలన్నదే ఇవాళ్టి పరిశోధనలో అసలు సవాలు.

కారణం పట్టుకున్న చోట మాత్రం దారి తెరుచుకుంటోంది. ద్రావెట్ అనే తీవ్రమైన పసిపిల్లల మూర్ఛలో లోపం ఎక్కువగా బ్రేకు వేసే కణాల సోడియం తూముల్లోనే ఉంటుంది. అక్కడ కార్బమజెపైన్, ఫెనిటాయిన్ ఇస్తే జబ్బు ముదురుతుంది. ఫిట్స్ తగ్గించే మందే ఫిట్స్ పెంచడం ఎలా సాధ్యమో ఇక్కడ అర్థమవుతుంది. ఆ పిల్లలకు గంజాయి మొక్క నుంచి శుద్ధి చేసిన కన్నబిడయాల్‌కు 2018లో, ఫెన్‌ఫ్లురమైన్‌కు 2020లో అమెరికా అనుమతి వచ్చింది. రెండోది ఒకప్పుడు బరువు తగ్గించే మందు. గుండె కవాటాలు పాడుచేస్తోందని 1997లో తీసేశారు. ఇప్పుడు తక్కువ మోతాదులో, గుండె స్కాన్ చేస్తూ ఇస్తున్నారు. ఈ లోపానికి మూలమైన జన్యువు పనిని సరిదిద్దే మందులూ మనుషుల మీద పరీక్షల్లో ఉన్నాయి.

మన దగ్గర మూర్ఛకు ఉన్న ఒక పెద్ద కారణానికి ల్యాబ్ అక్కర్లేదు. బద్దెపురుగు గుడ్లు కలిసిన నీళ్లు, సరిగా కడగని ఆకుకూరల ద్వారా కడుపులోకి వెళ్లి, లార్వాలు మెదడులో గూడు కట్టుకుంటాయి. మాంసం ముట్టనివారికీ ఇది వస్తుంది. స్కాన్‌లో చిన్న ఉంగరంలా కనిపించే ఆ గడ్డకు ఆల్బెండజోల్, స్టెరాయిడ్, కొంతకాలం ఫిట్స్ మందు ఇస్తారు. గడ్డ పూర్తిగా కరిగిపోయిన చాలామంది మందు మానగలుగుతారు. మరుగుదొడ్డి, శుభ్రమైన నీరు ఉన్న ఊళ్లో ఈ రకం మూర్ఛ చాలావరకు మొదలే కాదు.

రెండు మందులు ఓడిపోయాక

సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛ వైద్యుల సంఘం 2010లో నిర్వచించింది. ఆ తర్వాత మూడో మందు, నాలుగో మందు అంటూ ఏళ్లు గడపడం రోగికి నష్టం. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లల మీద జరిపిన ట్రయల్ ఫలితం 2017లో వచ్చింది. ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఏడాదికి 77 శాతం మందికి ఫిట్స్ లేవు, మందుల మీదే ఉన్నవారిలో 7 శాతం మందికే ఆగాయి. ఆపరేషన్ అందరికీ పనికిరాదు, దానికీ ప్రమాదాలున్నాయి. కానీ బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాద్ నిమ్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి చోట్ల పరీక్ష చేయించుకునే అవకాశమైనా తెలియకుండా పదేళ్లు గడిపేవారు సీమలో ఉండకూడదు.

మందు ఉంది, మనిషికి అందాలి

ప్రపంచంలో మూర్ఛ ఉన్నవారు సుమారు 5 కోట్లమంది. సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పేద దేశాల్లో మాత్రం నలుగురిలో ముగ్గురికి ఆ చికిత్స అందడం లేదు. కర్ణాటకలోని యళందూరు తాలూకాలో ఫెనోబార్బిటాల్, ఫెనిటాయిన్ లాంటి చవక మందులతోనే పల్లె రోగుల మూర్ఛను అదుపు చేయవచ్చని చూపిన అధ్యయనం 2001లో లాన్సెట్‌లో వచ్చింది. మందు పాతదైనా రోజూ అందడమే అక్కడి బలం.

ఫిట్ ఐదు నిమిషాలు దాటితే దానంతటదే ఆగే అవకాశం తగ్గిపోతుంది. అప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, చెప్పు వాసన చూపించడం వల్ల పోయేది సమయమే. మడకశిర, రాయదుర్గం వైపు పల్లెల నుంచి పెద్ద ఆసుపత్రికి గంటకు పైనే పడుతుంది. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే మిడాజోలం స్ప్రేను ముక్కులో కొట్టి, ఆ తర్వాత బండి ఎక్కించవచ్చు. ఇంజెక్షన్ కోసం నరం వెతకనక్కర్లేదు, నర్సు అక్కర్లేదు. ఆ స్ప్రేలో ఉన్నది 1970ల నాటి మందే. మారినదల్లా అది లోపలికి వెళ్లే దారి.